మంచె మీద మనిషి లేడు

ముంగారు మొదలైంది. గోస్పాడు నుంచి చాగలమర్రి దాకా దుక్కులు సిద్ధం చేసుకుని, ఒక కన్ను మబ్బు మీద, ఇంకో కన్ను కేసీ కాలువ మీద వేసి కూర్చున్నాం. విత్తనం, డీఏపీ, పంట రుణం చుట్టూ తిరగడానికే ఈ నెల చాలదు. ఇలాంటప్పుడు పర్యావరణ శాఖ బడ్జెట్టు మీద సంపాదకీయం ఏమిటని సభ్యుల్లో కొందరు అడుగుతారని తెలుసు. జూన్ 5న పర్యావరణ దినమంటూ ఆఫీసుల ముందు మొక్కలు నాటి ఫొటోలు దిగారు. ఆ తంతు మనది కాదులే అని పక్కకు తప్పుకున్నాం. కానీ ఆ శాఖకు ఇచ్చే డబ్బుకూ మన మోటారు తోడే నీళ్లకూ మధ్య మనం అనుకున్నంత దూరం లేదు.

2025 మార్చిలో పార్లమెంటు స్థాయీ సంఘం ఒక నివేదిక ఇచ్చింది. 2024-25లో 'కాలుష్య నియంత్రణ' పథకానికి కేంద్రం కేటాయించింది 858 కోట్ల రూపాయలు. జనవరి 21 నాటికి, అంటే ఆర్థిక సంవత్సరంలో దాదాపు పది నెలలు గడిచేసరికి, ఖర్చు పెట్టింది 7 కోట్ల 22 లక్షలు. నూటికి ఒక్క రూపాయి కూడా కాలేదు. కారణం అడిగితే, పథకాన్ని 2025-26 దాకా కొనసాగించేందుకు అనుమతి ఇంకా రాలేదని శాఖ జవాబిచ్చింది. బ్యాంకులో రుణం మంజూరై విత్తే అదను దాటేదాకా చేతికి రాకపోతే ఎలా ఉంటుందో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. స్థాయీ సంఘం దీన్ని గట్టిగానే తప్పుపట్టింది. పత్రికలు ఢిల్లీ పొగ కోణంలో ఒక రోజు రాసి ఊరుకున్నాయి. అయితే ఈ పథకం డబ్బు ఢిల్లీ గాలికి మాత్రమే కాదు. రాష్ట్రాల కాలుష్య నియంత్రణ మండళ్లకు సాయం, దేశంలోని నదుల నీటిని ఎప్పటికప్పుడు పరీక్షించే కార్యక్రమం కూడా దీని కిందికే వస్తాయి. పరీక్షించాల్సిన ఆ నదుల్లో మన కుందూ ఒకటి.

మొత్తం శాఖ లెక్క కూడా చూద్దాం. 2025-26 కేంద్ర బడ్జెట్టు 50 లక్షల 65 వేల కోట్లు. అందులో పర్యావరణ, అటవీ, వాతావరణ మార్పుల శాఖకు దక్కింది 3,412 కోట్లు. వెయ్యి రూపాయల్లో 67 పైసలు. ఈ 67 పైసల్లోనే పులుల అభయారణ్యాలు, అడవులు, గాలి, నీరు అన్నీ సర్దుకోవాలి.

ఇక కుందూ సంగతి. 2018లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో మురికిపట్టిన నదీ భాగాలను 351గా లెక్కతేల్చింది. మన రాష్ట్రం నుంచి ఐదు నదులు ఆ జాబితాకెక్కాయి: గోదావరి, కృష్ణా, తుంగభద్ర, నాగావళి, కుందూ. మొదటి నాలుగూ పెద్ద నదులు, పెద్ద పట్టణాల పక్కనుంచి పారేవి. మన కుందూ వాటి పక్కన ఏరులాంటిది. ఆ కొద్ది నీటిలో రెండు లక్షల పైచిలుకు జనమున్న నంద్యాల మురుగంతా చామకాలువ గుండా, మద్దిలేరు గుండా వచ్చి కలుస్తోంది. వరద రోజుల్లో కొట్టుకుపోతుంది, కనిపించదు. మార్చి, ఏప్రిల్‌లో నంద్యాల దిగువన గట్టు మీద నిలబడితే నల్లగా, నురగతో పారేది నది నీరా, పట్టణపు కాలువా అన్నది పోల్చుకోవడం కష్టం.

జాబితాలో ఎక్కించడానికి వాడిన కొలత బీవోడీ. నీళ్లలోని మురుగును తినే సూక్ష్మజీవులు ఎంత ప్రాణవాయువును వాడుకుంటాయో చెప్పే లెక్క అది. లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు స్నానానికి కూడా పనికిరావు. ఈ పరీక్ష ఎలా చేస్తారో తెలిస్తే డబ్బు ఎక్కడ కావాలో అర్థమవుతుంది. నమూనా తీసిన సీసాను ఐసు పెట్టెలో పెట్టి ఒక రోజు లోపలే ప్రయోగశాలకు చేర్చాలి. అక్కడ 27 డిగ్రీల వేడిలో మూడు రోజులుంచి ముందూ వెనకా ప్రాణవాయువు కొలవాలి. అంటే ఒక బండి, డీజిలు, నమూనా తీయడం వచ్చిన మనిషి, అదే రోజు సీసా అందుకునే ప్రయోగశాల, అందులో ఇంకో మనిషి. ఇన్నీ ఉంటే ఒక్క చోట ఒక్కసారి నీళ్లు చూసినట్టు. ఆళ్లగడ్డ నుంచి కర్నూలులోని ప్రాంతీయ కార్యాలయానికి వంద కిలోమీటర్లు పైనే. సాయంత్రం ఏటిలో ఏదో వదిలారని రైతు ఫోను చేస్తే, మనిషి బయలుదేరి వచ్చేసరికి ఆ నీళ్లు రాజోలి ఆనకట్ట దాటి కడప జిల్లాలో ఉంటాయి.

రైతుకు కావలసిన కొలతలు వేరు. కేంద్ర మండలి నీటిని ఐదు తరగతులు చేసింది. సాగునీటిది చివరి తరగతి. ఆమ్ల, క్షార గుణం 6.0 నుంచి 8.5 లోపు, ఉప్పును చెప్పే ఈసీ 2,250 మైక్రోమోల లోపు, సోడియం పాళ్లను చెప్పే ఎస్‌ఏఆర్ 26 లోపు, బోరాన్ లీటరుకు 2 మిల్లీగ్రాముల లోపు ఉంటే చాలు, సాగుకు పనికొచ్చే నీరే. ఇందులో సీసం, కాడ్మియం ఊసే లేదు. నాట్లకు దిగిన ఆడవాళ్ల కాళ్లకు దురదలొస్తాయన్న ఆలోచనా లేదు. పోనీ ఈ నాలుగు కొలతలైనా నెలనెలా తీసి మన ఊళ్లో ఎక్కడైనా అంటించారా? మనది రేగడి నేల. సోడియం ఎక్కువైన నీళ్లు కొన్నేళ్లు పారితే రేగడి బిగుసుకుపోతుంది, నీళ్లు ఇంకవు, పైన తెల్లగా చౌడు తేలుతుంది. ఒకసారి చౌడు పడ్డ కయ్యను జిప్సం చల్లి, మంచి నీళ్లతో కడిగి దారికి తెచ్చుకోవడం సామాన్య రైతుకు అయ్యే ఖర్చు కాదు.

మురుగు నీళ్లలో యూరియా సారం ఉంటుందిలే, పైరుకు మంచిదేగా అనేవాళ్లు మనలోనే ఉన్నారు. నత్రజని ఉన్న మాట నిజమే. కొలత లేకుండా పడ్డ నత్రజనితో వరి ఏపుగా పెరుగుతుంది, పురుగును పిలుస్తుంది, గింజ పాలు పోసుకునే వేళకు పడిపోతుంది. నంద్యాల సోనాకు బజారులో ఒక పేరుంది. ఆ పేరు కేసీ కాలువ నీళ్లు నిలబెట్టినది.

అసలు చిక్కు కేటాయింపు తక్కువ కావడం ఒక్కటే కాదు, డబ్బు వచ్చే దారిలోనూ ఉంది. 1974 నాటి జల కాలుష్య చట్టం 35వ సెక్షను ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం రాష్ట్ర మండలికి ఏటా తనకు అవసరమనిపించినంత డబ్బు ఇవ్వవచ్చు. ఇవ్వాలి అని లేదు, ఇవ్వవచ్చు అని ఉంది. ఆ ఒక్క మాట చాటున యాభై ఏళ్లుగా అన్ని రాష్ట్రాల ప్రభుత్వాలూ దాక్కుంటున్నాయి. 1977లో నీటి సెస్సు చట్టం తెచ్చారు. నీళ్లు వాడుకునే పరిశ్రమలు, పురపాలక సంఘాలు కట్టే ఆ సెస్సులో 80 శాతం దాకా రాష్ట్ర మండళ్లకు తిరిగొచ్చేది. 2017 జూలై 1న జీఎస్టీతో పాటే దాన్ని రద్దు చేశారు. బదులుగా ఏ ఆదాయమూ చూపలేదు. ఇక మిగిలింది ప్రధానంగా పరిశ్రమలు అనుమతుల కోసం, వాటి పునరుద్ధరణ కోసం కట్టే రుసుములు. ఎవరి మీద నిఘా పెట్టాలో వాళ్లు కట్టే డబ్బుతోనే నిఘా పెట్టేవాడి జీతం. పందుల బెడద ఉన్న చేనికి మంచె కట్టి, కాపలావాడి కూలి పందుల పెంపకందారునే ఇమ్మన్నట్టుంది. అలాంటి మంచె మీద మనిషి ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

మనిషి కూడా లేడు. దేశంలోని రాష్ట్ర మండళ్లన్నింటిలో మంజూరైన ఉద్యోగాలు 11,562 ఉంటే 5,671 ఖాళీగా ఉన్నాయని కేంద్ర మండలే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు లెక్క చెప్పింది. దాదాపు సగం. ఢిల్లీ పొగ పుణ్యమా అని సుప్రీంకోర్టు పంజాబ్, హర్యానా, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ మండళ్లకు ఖాళీలు నింపమని గడువు పెట్టింది. ఆ గడువులో మన రాష్ట్రం లేదు. కుందూలో నురగ తేలితే న్యాయమూర్తులకు దగ్గు రాదు కదా.

మనిషి లేకపోతే ఏమవుతుందో నంద్యాలకు తెలియనిది కాదు. 2020 మే 7న విశాఖలో ఎల్‌జీ పాలిమర్స్ స్టైరిన్ ఆవిరి పన్నెండు మందిని బలి తీసుకుంది. పరిశ్రమలన్నింటినీ తనిఖీ చేస్తామని అప్పట్లో ప్రకటనలు హోరెత్తాయి. రెండు నెలలు తిరగకముందే, జూన్ 27న, నంద్యాలలోని ఒక కర్మాగారంలో అమ్మోనియా లీకై ఒకరు చనిపోయారు. 2025 జూన్‌కు అయిదేళ్లు నిండాయి. ఆ రోజు గాలి ఊరి వైపు వీచి ఉంటే ఏమయ్యేదన్న మాట అనుకోవడానికే భయం. అయిదేళ్లలో మన జిల్లాలో ఎన్ని తనిఖీలు జరిగాయి, ఎన్ని నోటీసులు ఇచ్చారు, ఎన్నింటికి జవాబు వచ్చింది? ఈ మూడు అంకెలను నంద్యాల కలెక్టరు కార్యాలయం ముందు బోర్డు మీద రాసి పెట్టమని అడగడంలో రాజకీయం ఏమీ లేదు.

ఆళ్లగడ్డ వైపు వస్తే ఇంకో భయం. 2019లో యాదవాడ పొలాల్లో యురేనియం కోసం బోర్లు వేయడానికి వచ్చినప్పుడు ఊరు అడ్డం పడింది. ఆ సెప్టెంబరులోనే తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకం వద్దని తీర్మానించింది. అప్పటికి గొడవ సద్దుమణిగింది. భూమిలో ఖనిజం మాత్రం ఎక్కడికీ పోలేదు, దాని మీద కన్నూ పోలేదు. ఎగువ పెన్న వైపు తుమ్మలపల్లెలో ఏం జరిగిందో చూసి మనం నేర్చుకోవాల్సింది ఒకటుంది. అక్కడ గని పక్క కె.కె.కొట్టాల రైతులు బోర్ల నీళ్లు చెడిపోయి అరటి తోటలు ఎండుతున్నాయని మొత్తుకున్నారు. గనికీ దీనికీ సంబంధం లేదని యాజమాన్యం వాదించింది. చివరికి 2019 ఆగస్టులో మన రాష్ట్ర మండలి, వ్యర్థాల చెరువు అడుగున నీరు ఇంకకుండా వేయాల్సిన పొర సరిగా వేయలేదంటూ సంజాయిషీ నోటీసిచ్చింది. గని తవ్వకం మొదలై అప్పటికే ఏళ్లు గడిచాయి. గని రాకముందు ఆ ఊరి బోర్లలో ఏముండేదో మూడో మనిషి ఎవరైనా పరీక్షించి రాసిపెట్టి ఉంటే, వాదన మొదటి రోజే తేలేది. యాదవాడలో, అహోబిలం కింద ఊళ్లలో బోర్ల నీళ్లు ఈ రోజు ఎలా ఉన్నాయో రాసిపెట్టే పని ఇప్పుడే జరగాలి. దానికయ్యే ఖర్చు ఒక మంత్రి పర్యటన ఖర్చు కన్నా ఎక్కువేమీ కాదు. ఆ పనికి పీసీబీ దగ్గర మనుషులు లేరు, డబ్బు లేదు. 2024-25లో కేటాయించిన 858 కోట్లేమో ఢిల్లీలో అనుమతి కోసం పడి ఉండిపోయాయి.

పీసీబీకి బలమిస్తే మొదట మన మీదే పడతారని భయపడే రైతులూ ఉన్నారు. ఆ భయం ఉత్తిది కాదు. గడ్డి కాల్చినందుకు ఢిల్లీ చుట్టుపక్కల రాష్ట్రాల్లో జరిమానాలను 2024 నవంబరులో రెట్టింపు చేశారు. రెండెకరాల లోపు రైతుకు 5 వేలు, రెండు నుంచి ఐదెకరాల రైతుకు 10 వేలు, ఆపైన 30 వేలు. ఇటు పరిశ్రమల సంగతి చూడండి. 1986 పర్యావరణ పరిరక్షణ చట్టంలో ఐదేళ్ల దాకా జైలు ఉండేది. 2023 జన విశ్వాస్ చట్టంతో, 2024 ఏప్రిల్ 1 నుంచి, ఆ జైలు తీసేసి జరిమానా పెట్టారు. కనిష్ఠం 10 వేలు, గరిష్ఠం 15 లక్షలు. మూడెకరాల రైతు గడ్డికి పెట్టిన అగ్గికీ, కర్మాగారం చేసిన తప్పుకు పడే కనిష్ఠ జరిమానాకూ ధర ఒకటే.

ఇంకో తేడా కూడా ఉంది. చేలో మంట ఉపగ్రహానికి కనిపిస్తుంది. దానికి ఉద్యోగి అక్కర్లేదు, ఢిల్లీలో కూర్చుని సర్వే నంబరు చెప్పేస్తారు. అర్ధరాత్రి గొట్టం తెరిచి ఏటిలోకి వదిలేది ఏ ఉపగ్రహానికీ కనపడదు. దానికి గట్టు మీద మనిషి ఉండాలి. కాబట్టి ఖాళీలు నింపని, డబ్బివ్వని పీసీబీ రైతుకు మేలు చేస్తుందనుకోవడం పొరపాటు. మనుషులు లేని పీసీబీ సులువుగా దొరికేవాడినే పట్టుకుంటుంది.

డబ్బిస్తే మాత్రం అవినీతి పోతుందా అని అడిగే హక్కు మనకుంది. 2024 జూలైలో విజయవాడ పక్కన కృష్ణా కరకట్ట మీద పీసీబీ దస్త్రాలు రాత్రిపూట తగలబడిన వార్త ఎవరూ మరిచిపోలేదు. అందుకే ఊరికే డబ్బు పెంచమని మన సంఘం అడగడం లేదు. చట్టం 4వ సెక్షను ప్రకారం రాష్ట్ర మండలిలో వ్యవసాయం, చేపల వేట, పరిశ్రమ, వాణిజ్యం తరఫున ముగ్గురి దాకా అనధికార సభ్యులను నియమించవచ్చు. వ్యవసాయం పేరు ఆ వరుసలో మొదట ఉంది. ఆ కుర్చీలో సాగు చేసే మనిషి కూర్చోవాలి. మండలి ఏటా వేసుకునే బడ్జెట్టు ప్రతి ప్రభుత్వానికి వెళ్తుంది. అది శాసనసభ ముందు చర్చకు రావాలి. 35వ సెక్షను కింద రాష్ట్రం తన వాటాగా ఎంత ఇస్తోందో రాష్ట్ర బడ్జెట్టులో విడిగా ఒక పద్దు కనిపించాలి. 2025 ఫిబ్రవరిలో 3 లక్షల 22 వేల కోట్ల బడ్జెట్టు, దానితో పాటు 48 వేల కోట్ల వ్యవసాయ బడ్జెట్టు చదివారు. నీళ్లు చెడిపోయాక ఆ రెండో పుస్తకంలోని పథకాలు ఏ చేలో అమలు చేస్తారు?

ప్రపంచంలో వీస్తున్న గాలి కూడా ఇటే ఉంది. అమెరికా అధ్యక్షుడు ట్రంప్ అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ బడ్జెట్టును సగానికి పైగా కోయాలని 2025 మేలో ప్రతిపాదించాడు. 910 కోట్ల డాలర్ల నుంచి 420 కోట్లకు. అక్కడ ఉన్నదాన్ని కోయడం గురించి కొట్లాట. ఇక్కడ ఇచ్చినట్టు రాసి ఇవ్వకపోవడం వల్ల కొట్లాట కూడా పుట్టదు.

మన జిల్లాకు సంబంధించి సంఘం అడిగేవి పెద్ద కోరికలు కావు. నంద్యాల దిగువన ఒకచోట, కోయిలకుంట్ల దగ్గర ఒకచోట, రాజోలి ఆనకట్ట దగ్గర ఒకచోట నెలకొకసారి కుందూ నీళ్లు పరీక్షించాలి. వక్కిలేరును ఆళ్లగడ్డ దాటాక చూడాలి. ఫలితాలు అంకెలతో, తెలుగులో, రైతు సేవా కేంద్రాల గోడ మీద అంటించాలి. 1906 నుంచి నంద్యాలలో వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. నరసింహ పత్తిని, మన శనగ రకాలను ఇచ్చిన కేంద్రం అది. సాగునీటి పరీక్షల్లో దాని సాయం తీసుకుంటే కర్నూలు దాకా సీసాలు మోయాల్సిన పని తగ్గుతుంది. దానికీ పరికరాలకు డబ్బివ్వాలి.

సభ్యులు ఈ నెలలో చేయగలిగిన పని ఒకటుంది. ఏ కర్మాగారం ఏ షరతుల మీద నీళ్లు బయటికి వదలాలో రాసిన రిజిస్టరును పీసీబీ ఉంచాలి. ఆ నీళ్ల వల్ల దెబ్బతినే ఎవరికైనా దాన్ని చూపించాలని చట్టం 25వ సెక్షను చెబుతోంది. నంద్యాల, ఆళ్లగడ్డ శాఖల నుంచి ఇద్దరిద్దరు కర్నూలు వెళ్లి ఆ రిజిస్టరు అడగాలి. చూపకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాలి, ముప్పై రోజుల్లో జవాబు రావాలి. నీళ్లు చెడిపోయాయని రుజువులున్న చోట, 49వ సెక్షను కింద పీసీబీకి అరవై రోజుల నోటీసిచ్చి మనమే కోర్టుకు వెళ్లవచ్చు. సోమవారం కలెక్టరు ఆఫీసులో జరిగే ప్రజా ఫిర్యాదుల వేదికలో అర్జీ ఇచ్చేవాళ్లు సర్వే నంబరు, నీళ్లు రంగు మారిన తేదీ, వేళ, ఏ కాలువ నుంచి వచ్చాయో రాయండి. ఫోను ఫొటో ఉంటే జత చేయండి. అరవై రోజుల నోటీసును మాత్రం అర్జీతో కలపకుండా విడిగా రిజిస్టర్డ్ పోస్టులో పంపి, రసీదును శాఖ కార్యదర్శి దగ్గర దాచండి.